తిమ్మాజిపేటకు ఒక సెర్చ్ ఇంజిన్: ఈ నెల ఇంటి పాఠం



ఎనిమిదో తొమ్మిదో చదివే మీ అబ్బాయి రాత్రి అన్నం తింటూ, "నాన్నా, ఒక వెబ్‌సైట్ పెడతా, ఎనిమిది వందలు కావాలి" అన్నాడనుకోండి. దేనికిరా అంటే, "ఆఫర్లన్నీ ఒకచోట పెడతా. నా లింకు నొక్కి ఎవరన్నా కొంటే నాకు కమీషన్ వస్తుంది" అంటాడు. సాధారణంగా మన ఇళ్లలో దీనికి వచ్చే జవాబులు రెండు. ఒకటి, "పోయి చదువుకో." రెండోది, అడిగిన డబ్బు వెంటనే ఫోన్‌పే చేసెయ్యడం. ఈ నెల పాఠం ఈ రెంటి మధ్య ఉన్న దారి గురించి. ఆ సైట్ పెట్టే పనిలో గణితం, తెలుగు, వ్యాపారం, కొంత చట్టం కూడా ఉన్నాయి. మీరు పక్కన కూర్చుంటే అదే మంచి పాఠం అవుతుంది. కూర్చోకపోతే ఎక్కడ దెబ్బ తగులుతుందో కూడా కింద చెప్తాను.

ఉదాహరణకు ఒక ఊరు కావాలి కాబట్టి తిమ్మాజిపేట తీసుకుందాం. నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. హైదరాబాదుకు సెర్చ్ ఇంజిన్ చెయ్యడం పిల్లల వల్ల కాదు. ఒక మండలానికైతే చేత్తోనే చెయ్యొచ్చు.

మొదట చేత్తో రాసిన పట్టిక

పిల్లలు మొదట అడిగేది, "క్రాలర్ ఎలా రాయాలి?" అని. క్రాలర్ అంటే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని తిరుగుతూ సమాచారం పోగుచేసే ప్రోగ్రాం. దాన్ని పక్కన పెట్టమనండి. యాహూ మొదలైంది కూడా అలా కాదు. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్ల పేర్లను విషయాల వారీగా చేత్తో జాబితా కట్టారు. అదే యాహూ అయింది.

మీ అమ్మాయో అబ్బాయో కూడా ఒక రెండు వందల పేజీల జాబితా కట్టాలి. పేజీ అంటే భయపడకండి, నాలుగు వాక్యాలు చాలు. విత్తనాలు, ఎరువుల దుకాణం, మెడికల్ షాపు, మీసేవ, వెల్డింగు షాపు, టెంట్ హౌస్, మోటారు వైండింగు చేసేవాళ్లు, జడ్చర్లకూ నాగర్‌కర్నూల్‌కూ బస్సుల వేళలు, మార్కెట్ యార్డు ధరలు. ఆవంచలో పొలాల మధ్య ఉన్న ఏకశిలా గణపతికి ఎలా వెళ్లాలో ఒక పేజీ. ఫోన్ నంబరు పెట్టే ముందు ఆ దుకాణదారుని అడిగి, సరే అన్నాకే పెట్టాలి. ఈ అడగడం అనే పని పిల్లలకు కోడ్ రాయడం కంటే కష్టంగా ఉంటుంది. మొదటి నాలుగు దుకాణాలకు మీరు తోడు వెళ్లండి.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికిన సమాచారం ఎత్తి రాసేటప్పుడు తేదీ చూడమనండి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా తిమ్మాజిపేట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. అంతకు ముందు రాసిన పేజీలు ఇప్పటికీ ఆ పాత జిల్లానే చూపిస్తాయి. ఏ ఆఫీసుకు పోవాలో వెతికే మనిషిని అలాంటి పేజీ తప్పు ఊరికి పంపుతుంది.

వెతుకులాటలో తెలుగు పెట్టే తిప్పలు

అసలు పాఠం ఇక్కడుంది. పాఠ్యపుస్తకం చివర పదాల సూచిక ఉంటుంది కదా, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పేది. సెర్చ్ ఇంజిన్ లోపల ఉండేది అదే. ప్రతి మాటకూ ఎదురుగా అది ఉన్న పేజీల నంబర్లు. మీరు "విత్తనాలు" అని కొడితే కంప్యూటర్ రెండు వందల పేజీలూ చదవదు, సూచికలో ఆ మాట దగ్గరకు పోయి నంబర్లు తెస్తుంది.

కానీ ఆ మాటను ఎవరు ఎలా రాస్తారు? తిమ్మాజిపేట అని కొందరు, తిమ్మాజీపేట అని కొందరు, చివర పొల్లుతో తిమ్మాజిపేట్ అని కొందరు. ఇంగ్లీషు అక్షరాల్లోనైతే మొదట 'హెచ్' పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు, చివర 'ఎ' చేర్చేవాళ్లు. మనిషికి ఇవన్నీ ఒకటే ఊరు. కంప్యూటర్‌కు అన్నీ వేర్వేరు. పైగా మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుంటాయి. తిమ్మాజిపేటలో, తిమ్మాజిపేటకు, తిమ్మాజిపేటనుంచి, ఇలా ఒక్క పేరుకే సూచికలో నాలుగైదు వరుసలు తయారవుతాయి. చివరి ప్రత్యయాన్ని తీసేసి మూలమాటను పట్టుకునే నియమాలు రాయాలి. ఆరో తరగతిలో విభక్తులు ఎందుకు చదవాలి అని విసుక్కున్న పిల్లలే ఇక్కడ తెలుగు వ్యాకరణ పుస్తకం మళ్లీ తీస్తారు.

కంటికి కనపడని తేడా ఇంకోటి ఉంది. నాగర్‌కర్నూల్ అని సరిగ్గా రాయాలంటే 'ర్' తరువాత కంప్యూటర్‌లో ఒక అదృశ్య అక్షరం పడాలి. అది లేకపోతే 'ర్క' అని వత్తు పడిపోతుంది. ఒకరు దాన్ని పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా, ఒకరు మధ్యలో ఖాళీ ఇచ్చి. మూడూ వేర్వేరు మాటలుగా సూచికలోకి ఎక్కుతాయి. సైట్‌లో పేజీ ఉంది, కళ్ల ముందు కనపడుతోంది, వెతికితే మాత్రం దొరకదు. పిల్లలు ఒక సాయంత్రమంతా దీంతో తల పట్టుకుంటే మందలించకండి, ఆ సాయంత్రం వృథా కాలేదు.

ఈ తిప్పలు పెద్దవాళ్లూ పడ్డారు. ఇరవై ఏళ్ల కిందట ఈనాడు సైట్ చదవాలంటే ఈనాడు ఫాంటు ఉండాల్సిందే, గుర్తుందా? చాలా తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. తెరమీద 'అ' కనిపించినా లోపల ఒక్కొక్కరి సంకేతం ఒక్కో రకం. అందువల్ల యూనికోడ్‌లో వెతికితే ఆ పేజీలు దొరికేవి కావు. హైదరాబాద్ గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ప్రసాద్ పింగళి, జగదీశ్ జాగర్లమూడి, వాసుదేవ వర్మ కలిసి వెబ్‌ఖోజ్ అనే సెర్చ్ ఇంజిన్ చేశారు. ఆ రకరకాల ఫాంట్ల సంకేతాలను ముందు ఒకే సంకేతంలోకి మార్చి, ఆ తరువాత సూచిక కట్టడం దాని పద్ధతి. 2006లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ వెబ్ సదస్సులో దాని గురించి పత్రం ఇచ్చారు. ఇప్పుడు యూనికోడ్ వచ్చి ఆ గొడవ చాలావరకు తీరింది. స్పెల్లింగుల గొడవ మాత్రం మన పిల్లల కోసం మిగిలే ఉంది.

దొరికిన పేజీల్లో ఏది ముందు చూపాలి? దీనికి కేరెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1972లో చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. అరుదైన మాటకు ఎక్కువ బరువు, అంతటా ఉన్న మాటకు తక్కువ బరువు. మొత్తం పేజీలను ఆ మాట ఉన్న పేజీలతో భాగించి లాగరిథమ్ తీసుకోవాలి. రాష్ట్ర సిలబస్ పదో తరగతి గణితంలో పిల్లలు చదివే లాగరిథమే ఇది. మన సైట్‌లో 200 పేజీలు. "వేరుశనగ" 8 పేజీల్లో ఉంది. 200ను 8తో భాగిస్తే 25, దాని లాగరిథమ్ సుమారు 1.4. "ఎరువులు" 40 పేజీల్లో ఉంటే 200 బై 40, అంటే 5, లాగరిథమ్ సుమారు 0.7. మరి "తిమ్మాజిపేట"? అది 200 పేజీల్లోనూ ఉంటుంది. 200 బై 200 ఒకటి, ఒకటి లాగరిథమ్ సున్నా. తిమ్మాజిపేట సైట్‌లో తిమ్మాజిపేట అనే మాటకు విలువ సున్నా! ఈ లెక్క చేసిన పిల్లలు "లాగ్ ఎందుకు పనికొస్తుంది సార్" అని మళ్లీ అడగరు.

వేరుశనగ అన్నాం గానీ, మన పాలమూరు వైపు ఎంతమంది ఆ మాట కొడతారు? పల్లీలు అంటారు, పెద్దవాళ్లు బుడ్డలు అంటారు, కృష్ణా దాటి కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు శెనక్కాయలు అంటారు. ఈ నాలుగూ ఒకటేనని కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ జాబితా తయారు చెయ్యడానికి ఇంట్లో అందరికంటే అర్హత ఉన్న వ్యక్తి నాయనమ్మ. ఆమెను కూడా కూర్చోబెట్టుకోండి.

డీల్స్‌లో డబ్బు ఎక్కడ ఉంది

ఇప్పుడు కమీషన్ సంగతి. అమెజాన్ 1996 నుంచి నడుపుతున్న పద్ధతి ఇది. మీ లింకు ద్వారా వచ్చిన మనిషి కొంటే అమ్మకంలో కొంత శాతం మీకు. దీన్ని అఫిలియేట్ అంటారు. హైదరాబాద్‌లో 2013లో మొదలైన గ్రాబ్‌ఆన్ లాంటి కూపన్ సైట్ల ఆదాయం కూడా ఇలాంటి కమీషన్లే. అంటే వ్యాపారం నిజమైనదే. చిన్న సైట్‌కు ఎంత వస్తుంది అన్నది పిల్లల చేతే లెక్క కట్టించండి. శాతాలు వస్తువును బట్టి మారతాయి, లెక్క కోసం 4 అనుకుందాం. 300 రూపాయల ఫోన్ కవరు అమ్ముడైతే 12 రూపాయలు. డొమైన్‌కు పెట్టిన 800 వెనక్కి రావాలంటే 67 మంది కొనాలి. లింకు నొక్కిన వందలో ఇద్దరు కొంటారనుకుంటే 3,350 సార్లు ఎవరో ఒకరు ఆ లింకు నొక్కాలి. కొన్నవాళ్లు వస్తువు వాపసు చేస్తే కమీషన్ కూడా వాపసు. ఈ లెక్క తరువాత కూడా పెడతానంటే సంతోషంగా పెట్టనివ్వండి, కళ్లు తెరిచి పెడుతున్నట్టే.

ఊళ్లోని దుకాణాల చేతే డీల్స్ పెట్టిద్దాం అనుకుంటారు కొందరు. దానికీ చరిత్ర ఉంది. 2008లో షికాగోలో మొదలైన గ్రూపాన్ పద్ధతిలో వెయ్యి రూపాయల భోజనం ఐదు వందలకు అమ్ముతారు, అందులో సగం వరకు సైట్ తీసుకుంటుంది. హోటలు చేతికి వచ్చేది రెండు వందల యాభై. వచ్చిన కస్టమరు రేపు పూర్తి ధరకు మళ్లీ వస్తాడన్న ఆశతో హోటలు ఒప్పుకుంటుంది. రైస్ యూనివర్సిటీలో ఉత్పల్ ధోలకియా 2010లో ఇలాంటి 150 వ్యాపారాలను అడిగితే, 66 శాతం లాభం అన్నారు, 32 శాతం లాభం రాలేదన్నారు. మన దేశంలో స్నాప్‌డీల్ కూడా 2010లో కూపన్ల సైట్‌గానే మొదలై, తరువాత వస్తువుల అమ్మకానికి మారిపోయింది. 2013 సెప్టెంబరులో ఉల్లి ధర మండిపోతుంటే గ్రూపాన్ ఇండియా కిలో 9 రూపాయలకే ఇస్తామంది. జనం తాకిడికి సైట్ పడిపోయింది. ఉల్లి మీద నష్టాన్ని వాళ్లు ప్రకటన ఖర్చుగా రాసుకోగలరు. మీ వీధి కిరాణా కొట్టాయన రాసుకోలేడు. కాబట్టి పిల్లలు "సగం ధరకు ఇవ్వండి అంకుల్" అని అడగబోయే ముందు, ఆయన అసలు కొన్న ధర ఎంతో, మిగిలేది ఎంతో తెలుసుకోవాలి. ఆయన చెప్పకపోవచ్చు, అది ఆయన హక్కు.

నా అభిప్రాయం అడిగితే, తిమ్మాజిపేట లాంటి చోట ఫోన్ కవర్ల ఆఫర్ కంటే బాదేపల్లి యార్డులోనూ నాగర్‌కర్నూల్‌లోనూ ఈరోజు పల్లికి పలికిన ధరలు పక్కపక్కన చూపించే పేజీనే పెద్ద డీల్. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల ధరలు ఉంటాయి. దాని మీద కమీషన్ రాదు. రోజూ చూసేవాళ్లు మాత్రం వస్తారు.

కొట్టేసిన ధరల గురించి ఒక మాట. 1,999 మీద గీత గీసి పక్కన 299 అని పెడతారు. ఆ వస్తువు ఎప్పుడన్నా 1,999కి అమ్మారా? యూరప్‌లో 2022 నుంచి తగ్గింపు ప్రకటిస్తే, అంతకు ముందు 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరతో పోల్చి చెప్పాలనే నిబంధన ఉంది. మన దగ్గర 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయపద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. "ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి" అని అబద్ధపు తొందర పెట్టడం, అడగని వస్తువు బుట్టలో చేర్చడం, చివర్లో ఛార్జీలు బయటపెట్టడం అందులో ఉన్నాయి. మీ పిల్లల సైట్‌లో ఒక వస్తువు పెట్టే ముందు దాని ధరను ముప్పై రోజులు నోట్‌బుక్కులో రాయించండి. ముప్పై రోజులు ఆగే ఓపిక ఉంటే అది ఇంకా బాగుంటుంది.

ముందు ఎవరి పేరు?

సైట్ నాలుగు నెలలు నడిచి జనం చూస్తున్నారనుకోండి. ఒక రోజు ఒక ఎరువుల దుకాణదారు వచ్చి, "బాబూ, ఎవరు ఎరువులు అని వెతికినా మా కొట్టు ముందు రావాలి, నెలకు ఐదు వందలు ఇస్తా" అంటాడు. అప్పటిదాకా కమీషన్ల మీద వచ్చింది మొత్తం కలిపినా ఐదు వందలు ఉండదు.

ఇది పిల్లల సైట్‌కు మాత్రమే వచ్చే చిక్కు కాదు. గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998 నాటి పత్రంలో, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని తామే రాశారు. రెండేళ్లకు వాళ్లే ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టారు. అదే 1998లో గోటు అనే సైట్ ఎవరు ఎక్కువ డబ్బిస్తే వాళ్లను ముందు చూపించే పద్ధతి తెచ్చింది. 2002లో అమెరికా వ్యాపార కమిషన్, డబ్బు తీసుకున్న ఫలితాలను వేరుగా కనిపించేలా గుర్తించండి అని సెర్చ్ కంపెనీలకు లేఖలు రాసింది. 2018 ఫిబ్రవరిలో మన కాంపిటీషన్ కమిషన్ వెతుకులాట ఫలితాల్లో పక్షపాతం చూపిందని గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి, ఆ ఐదు వందలు చేతిలోకి రాకముందే. తీసుకోవచ్చు. తీసుకుంటే ఆ కొట్టు పేరు పైన వేరే గడిలో, "ప్రకటన" అని తెలుగులో పెద్దగా రాసి పెట్టాలి. కింద వరుస మాత్రం 1.4, 0.7 లెక్క ప్రకారమే ఉండాలి. అఫిలియేట్ లింకుల పక్కనా "మీరు కొంటే మాకు కమీషన్ వస్తుంది" అని ఉండాలి. రెండో దుకాణదారు కూడా మీకు తెలిసినవాడే, వాళ్ల పాప మన బడిలోనే చదువుతుండవచ్చు. విత్తనాల కోసం వచ్చిన రైతు సరైన కొట్టు దాటిపోతే సీజన్ పోతుంది.

సంతకం మీది

ఒప్పందాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. అందుకని అఫిలియేట్ ఖాతా, ప్రకటనల ఖాతా, బ్యాంకు ఖాతా అన్నీ మీ పేరున ఉంటాయి. షరతులు చదవాల్సింది మీరే, మీ ఇంట్లోవాళ్లే మీ లింకు నొక్కి కొనడం వంటివి చాలాచోట్ల నిషేధం. పిల్లలు సంపాదించిన డబ్బును ఎవరి ఆదాయంలో చూపాలో ఆడిటర్‌ను ఒకసారి అడగండి. తమ నైపుణ్యంతో సంపాదించినదానికి, ఊరికే వచ్చినదానికి పన్ను చట్టం తేడా చూపిస్తుంది.

సైట్‌లో "మీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి" అనే ఫారం వద్దు. తోటి పిల్లలు అందులో నింపుతారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 లోపువారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సినిమాలు, పాటలు ఉచితంగా దింపుకునే లింకులు అసలే వద్దు. బెంగళూరులో 2006లో మొదలైన గురూజీ అనే మన దేశపు సెర్చ్ ఇంజిన్ పాటల వెతుకులాట మీద 2010లో టి-సిరీస్ ఫిర్యాదుతో పోలీసు కేసు దాకా వెళ్లింది. మేం లింకు మాత్రమే ఇచ్చాం అంటే సరిపోదు.

ఎవరైనా "మీ సైట్‌కు పెద్ద కంపెనీ డీల్ ఇస్తాం, రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు కట్టండి" అని మెసేజ్ పెడితే కట్టొద్దు. పిల్లలు అప్పటికే కట్టేసి భయపడి చెప్పకుండా ఉండొచ్చు. తిట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. కొన్న వస్తువు మీద మోసం అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఈ ఆదివారం డొమైన్ కొనకుండానే మొదలుపెట్టవచ్చు. ఒక తెల్లకాగితం మీద మీ ఊరి పేరును ఎన్ని రకాలుగా రాస్తారో రాయించండి, బస్సు బోర్డు మీద ఉన్నది, రేషను కార్డు మీద ఉన్నది, మీ అమ్మగారు పలికేది. ఒక్కోదాన్ని ఫోన్‌లో వెతికి, మొదటి ఐదు ఫలితాలు ఏమిటో, వాటిలో ప్రకటనలు ఎన్నో పక్కన వేయించండి. ఆ కాగితాన్ని వచ్చే పేరెంట్-టీచర్ మీటింగుకు పిల్లల చేత పంపితే, కంప్యూటర్ ల్యాబులో మిగతావాళ్ల కాగితాలతో కలిపి ఒకే సూచికగా కడతాం.